పచితాన్‌లో స్థలం: వేరొకరి పేరు మీద కొనొచ్చా?

ప్రశ్న: జకార్తాలో పనిచేస్తున్నాను, నాది భారత పాస్‌పోర్ట్. తూర్పు జావాలోని పచితాన్ జిల్లా, వాటు కరుంగ్ బీచ్ దగ్గర మూడు గదుల హోమ్‌స్టే కట్టాలని నాకూ మా ఆవిడకూ ఎంతో ఆశ. స్థలం స్థానికుడి పేరు మీద పెట్టి, అసలు యజమాని నేనేనని విడిగా కాగితం రాసుకోమంటున్నాడు బ్రోకర్. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అడ్వాన్స్ ఇవ్వకండి అన్నా. 1960 భూచట్టం ప్రకారం 'హక్ మిలిక్', అంటే పూర్తి యాజమాన్యం, ఇండోనేషియా పౌరులకే. దొంగచాటుగా విదేశీయుడికి కట్టబెడితే 26వ అధికరణ కింద ఆ లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి అడగలేరు. నేను ఇల్లు లీజుకే తీసుకున్నాను, నోటరీ దగ్గర రాయించి. సర్టిఫికెట్‌ను భూమి కార్యాలయంలో సరిచూశాకే సంతకం పెట్టాను. ఇక గదులు అద్దెకివ్వడం వ్యాపారం. దానికి మామూలుగా విదేశీ పెట్టుబడి కంపెనీ కావాలి. మూడు గదులకు అది మోయలేని ఖర్చు.

మరో జవాబు: నీళ్ల సంగతి అడిగారా? అదంతా గునుంగ్ సేవు కొండల సున్నపురాతి నేల, వాన నీరు లోపలికి ఇంకిపోతుంది. అక్కడ వానలుండని ఆగస్టు, సెప్టెంబరులో వెళ్లి చూడండి.

ప్రశ్న అడిగినవారు: బ్రోకర్‌కు వద్దని చెప్పేశాను. లీజు గురించి సోమవారం నోటరీని కలుస్తున్నాం.