అప్‌డేట్: మా వాడి ఫ్యాటీ లివర్, ఆర్నెల్ల తర్వాత

పదకొండేళ్ల మా వాడికి స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ (కాలేయానికి కొవ్వు పట్టడం) అని వచ్చింది, ఏం చేయాలని అడిగాను కదా. మొన్న మళ్లీ రక్తపరీక్ష చేయించాం. ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 92 నుంచి 41కి దిగింది, ఇంకా కాస్త ఎక్కువేనట. బరువు ఒక్క కిలోనే తగ్గాడు గానీ 3 సెంటీమీటర్లు పొడుగయ్యాడు. ఎదిగే పిల్లలకి అదీ లెక్కేనన్నారు డాక్టరు గారు. మందులేవీ రాయలేదు.

అన్నిటికంటే కష్టమైంది కూల్‌డ్రింకులు మాన్పించడం. వాడి చేత కాదు, మా అత్తయ్య గారి చేత! బియ్యం డబ్బా వెనక సీసా దాచి మరీ మనవడికి పోసేవారు. ఇప్పుడు ఆవిడే పల్చటి మజ్జిగ చిలికి, కరివేపాకు నలిపి ఇస్తున్నారు.

సాయంత్రం బీఆర్‌టీఎస్ రోడ్డులో ఇద్దరం సైకిళ్లు తొక్కుతున్నాం. పునుగుల బండి దగ్గర వాడు ఆగడు, నా సైకిలే ఆగుతుంది. ఆదివారం మాత్రం ఆరు పునుగులు, లెక్కపెట్టి.