అరుగు మీద కూర్చున్న నాకు త్వరణం ఉందా, రాలిపడే మామిడికాయకా?

బ్యాటరీ బాబు (కావలి)
మాది సెల్ రిపేర్ షాపు. నిన్న ఫోన్‌లో త్వరణం కొలిచే సెన్సార్ టెస్ట్ పెట్టి బల్ల మీద ఉంచా. కదలకుండా ఉన్న ఫోను 9.8 చూపించింది, అదీ పైవైపుకి. అదే ఫోను ఛాతీ ఎత్తు నుంచి పరుపు మీదికి వదిలా (నాదే, కస్టమర్‌ది కాదు). పడే ఆ అర సెకను గీత సున్నా దగ్గరికి దిగింది. అంటే త్వరణం ఉన్నది బల్ల మీద ఉన్నదానికి, పడేదానికి కాదు. మనకు బళ్లో తిరగేసి చెప్పారు.

చాక్‌పీస్ (ఒంగోలు)
ముప్పై ఏళ్లు ఇంటర్‌కి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. త్వరణం అంటే వేగంలో మార్పు రేటు. బల్ల మీద ఫోను వేగం ఇప్పుడెంత? సున్నా. పది నిమిషాల తర్వాత? సున్నా. మరి మార్పేది? నీ సెన్సార్ లోపల ఒక చిన్న బరువు, దాన్ని పట్టుకున్న సన్నటి సిలికాన్ స్ప్రింగులు ఉంటాయి. స్ప్రింగు ఎంత వంగిందో అది చెబుతుంది, అంతే. కాటా మీద ఐదు కిలోల బియ్యం పెడితే ఐదు చూపిస్తుంది. బియ్యం పరుగెత్తుతోందా?

హైవే 16
నేను బస్సు డ్రైవర్‌ని. ఒక్కటే అడుగుతా. బ్రేకు వేస్తే ప్యాసింజర్ని ముందుకి తోసేది ఎవరు?

చాక్‌పీస్
ఎవరూ తోయరు. బస్సు ఆగింది, మనిషి జడత్వం వల్ల అదే వేగంతో పోతున్నాడు.

హైవే 16
ఈ మాట రాసిపెట్టుకుంటా సార్. ఆరేళ్ల కింద సింగరాయకొండ దగ్గర గేదె అడ్డమొస్తే అరవైలో ఉన్న బండిని మూడు సెకన్లలో ఆపా. నిలబడి ఉన్న పెద్దావిడ పడింది. "డ్రైవర్ ముందుకి తోసినట్టయింది" అని కాగితం రాశారు. నాకు ఇంక్రిమెంటు పోయింది.

పెన్నా గట్టు
ఇదంతా ఎందుకు, శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో అడగండి. మన నెల్లూరు జిల్లాలోనే కదా ఉంది.

మైపాడు
2022 నుంచి శ్రీహరికోట తిరుపతి జిల్లా.

పెన్నా గట్టు
రాకెట్ మా డాబా మీద నుంచి కనిపిస్తుంది. ఎవరికి కావాలి జిల్లా.

బ్యాటరీ బాబు
మంచి మాట గుర్తుచేశావు అన్నా. సార్, రాకెట్‌లోనూ ఇలాంటి సెన్సార్లే ఉంటాయి, ఇంకా ఖరీదైనవి. ఇంజన్ ఆగి, గాలి దాటిపోయాక అవి సున్నా చూపిస్తాయి. భూమి లాగుతున్నట్టు వాటికి తెలియనే తెలియదు. కంప్యూటర్ లెక్కగట్టి విడిగా కలుపుకోవాలి.

చాక్‌పీస్
నువ్వే ఒప్పుకున్నావు. కలుపుకోకపోతే దారి తప్పుతుంది. సెన్సార్‌కి కనపడకపోయినా ఆ త్వరణం ఉన్నట్టే.

బ్యాటరీ బాబు
హైవే అన్న ప్యాసింజర్ని చూడండి. బస్సు లోపల కూర్చుంటే ఎవరో తోసినట్టే ఉంటుంది, రోడ్డు మీద నుంచి చూస్తే ఎవరూ తోయలేదు. 1907లో ఐన్‌స్టీన్ పట్టుకున్నది ఇదే. ఇంటి కప్పు మీద నుంచి పడేవాడికి తన బరువు తెలియదు. అంటే భూమి లాగుడు కూడా ఆ తోపుడు లాంటిదే. పడేవాడు ఊరికే పోతున్నాడు, నేలే మనల్ని పైకి నెడుతోంది.

చాక్‌పీస్
అయితే నెల్లూరులోనూ నేల పైకి నెడుతోంది, అమెరికాలోనూ నెడుతోంది. అన్ని వైపులా పైకే త్వరణం ఉంటే భూమి పూరీలా ఉబ్బాలి కదా? ఉబ్బడం లేదే! జవాబు చెప్పు.

బ్యాటరీ బాబు
నెల్లూరు నుంచి ఒకడు, కర్నూలు నుంచి ఒకడు స్టీరింగ్ తిప్పకుండా నేరుగా ఉత్తరానికి పోతే ధ్రువం దగ్గర గుద్దుకుంటారు. ఒకరినొకరు లాక్కున్నారా? లేదు, నేల గుండ్రం. అలాగే కాలం, స్థలం కలిసి ఇక్కడ వంగి ఉన్నాయి, వదిలేసినవన్నీ లోపలికే పోతాయి. ఆ దారి నుంచి మనల్ని పక్కకు తప్పించడానికే నేల నెడుతూ ఉంది. ఆ నెట్టుడు ఉన్నచోట ఉంచడానికే సరిపోతోంది, ఇక ఉబ్బేదెక్కడ?

డిగ్రీ ఫైనల్
మధ్యలో ఒక డౌట్. కవలల్లో రాకెట్ ఎక్కి వచ్చినవాడి వయసు తక్కువ అంటారు కదా, అది త్వరణం వల్లేనా?

చాక్‌పీస్
వాడు వెనక్కి తిరిగాడు కాబట్టి ఇద్దరి దారులూ వేరు, అంతవరకే. 1977లో యూరప్‌లోని సెర్న్ పరిశోధనశాలలో మ్యూయాన్లు అనే, పుట్టిన కాసేపటికే విరిగిపోయే కణాలను దాదాపు కాంతి వేగంతో 7 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వలయంలో తిప్పారు. త్వరణం భూమిదానికి ఎన్ని రెట్లంటే, 1 పక్కన 18 సున్నాలు. అయినా వాటి ఆయుష్షు 2.2 మైక్రోసెకన్ల నుంచి 64కి పెరిగింది వేగం లెక్క ప్రకారమే. త్వరణం విడిగా ఏమీ చేయలేదు.

బ్యాటరీ బాబు
ఆ 18 సున్నాలు ఎవరి లెక్క సార్? పక్కన నిలబడి వేగంలో మార్పు కొలిస్తే 15 సున్నాలే వస్తాయి. 18 అన్నది మ్యూయాన్ తనకు తాను చూసుకునే లెక్క, అంటే నా ఫోను లెక్క. మీరు కూడా అదే వాడారు.

చాక్‌పీస్
వీడియోలు చూసి వచ్చి నాకు చెప్పొద్దు.

బ్యాటరీ బాబు
ఇదే మాట నాకు ఇంటర్‌లోనూ పడింది. "పడేవాడికి ఏమీ తెలియనప్పుడు బలం ఎక్కడుంది సార్" అని అడిగితే, సిలబస్‌లో లేదు కూర్చో అన్నారు. రెండోసారి అడిగితే బయట నిలబెట్టారు. ఆ తర్వాత ఫిజిక్స్ క్లాసులో నోరు విప్పలేదు. ఇప్పుడు స్క్రూలు విప్పుకుంటున్నా.

మైపాడు
మీ ఇద్దరూ ఒకే పేరుతో రెండు వేర్వేరు సరుకులు అమ్ముతున్నారు. సార్‌ది నేల మీద నిలబడి చూసేవాడి త్వరణం, బాబుది లోపల ఉన్నవాడికి తెలిసే త్వరణం. ఏది కావాలో ముందు చెబితే గొడవే లేదు.

చాక్‌పీస్
ఆ సంగతి నాకు తెలుసు నాయనా. రెండు రోజులుగా తెలిసే వాదిస్తున్నా. మా మనవడు ఎంసెట్‌కి చదువుతున్నాడు. పైకి విసిరిన బంతికి శిఖరం దగ్గర త్వరణం ఎంత అంటే, ఇలాంటి వీడియో ఏదో చూసి సున్నా పెట్టి వచ్చాడు. "ఐన్‌స్టీన్ చెప్పాడు తాతయ్యా" అన్నాడు. నూట ఇరవై మంది క్లాసులో నేనూ ఎవరినో ఒకరిని కూర్చోబెట్టే ఉంటాను. కానీ వాడికి ర్యాంకు పోతే మీరెవరైనా తెచ్చిస్తారా?

బ్యాటరీ బాబు
అయ్యో సార్. అక్కడ 9.8, కిందికి. "భూమిని బట్టి" అని ఒక్క మాట పక్కన చేర్చుకోమనండి, చాలు.

చాక్‌పీస్
నాలుగు ఆప్షన్లు ఇచ్చి ఒకటి నొక్కమంటారు బాబూ. ఆ మాట ఎక్కడ చేర్చాలి?

హైవే 16
సార్, "ఎవరూ తోయరు" అన్నది కాస్త ఇంగ్లీషులో రాసిస్తారా? అప్పీలు ఇంకా పెండింగ్‌లోనే ఉంది.