ఎయిర్ రైఫిల్‌కు వేరే మోడల్ హ్యాండ్‌గార్డ్‌ను సరిపరచుకోవడం ఎలా?

ప్రశ్న (కావలి నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తున్నది. చేతులు చిన్నవి కావడం వల్ల రైఫిల్‌తో వచ్చిన హ్యాండ్‌గార్డ్, అంటే రైఫిల్ ముందు భాగం కింద చేతికి ఆనే పట్టు, ఆమె ఎడమ అరచేతిలో కుదురుగా నిలవడం లేదు. అందుకని మరొక మోడల్ కోసం చేసిన వాల్‌నట్ చెక్క హ్యాండ్‌గార్డ్ కొన్నాను. తీరా అమర్చబోతే, లోపలి గాడి ఇరుకై గాలి సిలిండర్‌కు రెండు పక్కలా తగులుతున్నది. మర (స్క్రూ) రంధ్రం కూడా ఉండవలసిన చోటికి మూడు మిల్లీమీటర్లు ముందుకు ఉన్నది. మాకు తెలిసిన వడ్రంగి చెక్కను తొలిచి ఇస్తానన్నాడు గానీ, రైఫిల్ లోహంలోనే కొత్త రంధ్రం వేస్తే పని సులువవుతుందని కూడా అంటున్నాడు. ఏది సరైన పద్ధతో పెద్దలు తెలియజేయగలరు.

సమాధానం (ఒంగోలు నుంచి)

అయ్యా, రైఫిల్ లోహాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోనివ్వకండి. తొలవడమైనా పూడ్చడమైనా అంతా చెక్కలోనే జరగాలి. ఆ సిలిండర్ రెండు వందల బార్ల ఒత్తిడితో గాలిని నింపుకొని ఉండే పాత్ర. ఆకురాయి జారి దాని మీద లోతుగా గీత పడిందంటే దానిని మళ్లీ నింపకూడదు. కాబట్టి పని మొదలుపెట్టే ముందే సిలిండర్‌ను విప్పి వేరే గదిలో పెట్టండి. విప్పిన తరువాత కూడా రైఫిల్‌లో కొంత గాలి మిగిలి ఉంటుంది గనుక, గుళ్లు లేవని చూసుకొని, గుళ్లను పట్టే ఇనుప పెట్టె వైపు గురిపెట్టి రెండు మూడుసార్లు ట్రిగ్గర్ నొక్కి ఆ గాలిని వదిలించండి.

ఇక గాడి సంగతి. పది మీటర్ల లక్ష్యంలో పది అంకె చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. అంత సూక్ష్మమైన గురిలో హ్యాండ్‌గార్డ్ వెళ్లి రైఫిల్ గొట్టానికి (బారెల్‌కు) గాని సిలిండర్‌కు గాని ఆనితే, అమ్మాయి చేతి ఒత్తిడి మారినప్పుడల్లా గుండు పడే చోటు మారుతుంది. తప్పు తన భంగిమలో ఉందనుకొని ఆమె నెలల తరబడి తనను తానే సరిదిద్దుకుంటూ ఉంటుంది. నా దగ్గర నేర్చుకున్న ఒక పిల్లవాడికి సరిగ్గా ఇలాగే జరిగింది. వేసవిలో చక్కగా సరిపోయిన చెక్క, నవంబరు వానలకు ఉబ్బి సిలిండర్‌ను నొక్కింది. ఆ సంగతి కనిపెట్టేసరికి పోటీ కాస్తా ముగిసిపోయింది. మన తీరపు గాలిలో తేమ ఎక్కువ, చెక్కేమో తేమకు అడ్డంగా ఉబ్బుతుంది. అందువల్ల చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ తప్పనిసరి. రెండు ఏటీఎం కార్డులను జత చేసి దూర్చినప్పుడు ఎక్కడా పట్టకుండా జారితే ఆ ఖాళీ ఉన్నట్టే.

ఎక్కడ తగులుతున్నదో కంటితో అంచనా వేయవద్దు. సిలిండర్‌కు సమానమైన వ్యాసం గల కర్రను నున్నగా చేయించి, దానికి దీపపు మసిని కొద్దిగా ఆముదంతో కలిపి పూసి, గాడిలో పెట్టి నొక్కి తీయండి. నల్ల మరక పడిన చోటే గుండ్రని ఆకురాయితో కొద్ది కొద్దిగా తీయించాలి. అనుకున్న ఖాళీ దగ్గరపడే కొద్దీ ఆకురాయి వదిలి, కర్రకు ఉప్పు కాగితం చుట్టి నెమ్మదిగా రుద్దించండి. మీ వడ్రంగికి ఇంత ఓపిక లేకపోతే, ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే కళాకారులను అడిగి చూడవచ్చు. వంపు తిరిగిన లోపలి భాగాన్ని చేత్తో నునుపు చేయడం వారికి నిత్యకృత్యం.

రంధ్రాన్ని పొడవుగా కోసి సర్దుకోవడం చాలామంది చేసే పొరపాటు. అలా చేస్తే మర ఎంత బిగించినా హ్యాండ్‌గార్డ్ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పాత రంధ్రాన్ని అదే జాతి చెక్క బిరడాతో, చెక్క రేఖలు కలిసేలా, ఎపాక్సీ జిగురు వేసి పూడ్చి, ఒక రోజు ఆరనివ్వండి. కొత్త రంధ్రం గుర్తుకు తల లేని మర ఒకటి తీసుకొని, కొసను సూదిగా అరగదీసి, రైఫిల్ రంధ్రంలో బిగించి, హ్యాండ్‌గార్డ్‌ను సరైన స్థానంలో ఉంచి నొక్కితే చుక్క పడుతుంది. అక్కడ నిలువుగా రంధ్రం వేయించి, లోపల ఇత్తడి గొట్టపు బుష్ అమర్పించండి. అప్పుడు మర బిగింపు భారం బుష్ మీద పడుతుంది, చెక్క నలగదు.

అనుబంధ ప్రశ్న (కావలి నుంచి)

చాలా కృతజ్ఞతలండీ. కోసిన లోపలి భాగానికి ఏమి పూయాలి? దీనికి ఏదైనా అనుమతి అవసరమా?

సమాధానం (ఒంగోలు నుంచి)

మరిగించిన అవిసె నూనెను పలుచగా పూసి, పూర్తిగా ఆరిన తరువాత మళ్లీ పూయండి. రంధ్రం అంచులను, కోసిన కొసలను మరువవద్దు, తేమ ఎక్కువగా అక్కడి నుంచే లోపలికి పోతుంది. నూనె గుడ్డలను ఉండగా చుట్టి పడేస్తే వాటంతటవే అంటుకోగలవు, కాబట్టి పరచి ఆరవేయండి.

2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్లకు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. పోటీ రైఫిళ్ల శక్తి అందులో సగం కూడా ఉండదు. మందుగుండు రైఫిల్ అయితే మాత్రం లైసెన్సు గల ఆయుధ మరమ్మతుదారు దగ్గరికే తీసుకువెళ్లాలి.

అన్నీ బిగించాక మొత్తం తూకం వేయండి, పోటీలో అయిదున్నర కిలోలు దాటకూడదు. ఆ తరువాత గురిని మొదటి నుంచి సరిచేసుకొని, వానాకాలం మొదలవగానే ఏటీఎం కార్డులతో ఖాళీని మరొకసారి పరీక్షించండి.