బ్యాంకాక్ ఫుట్‌పాత్‌ల మీద తోపుడుబళ్ళు తగ్గిపోతున్నాయి: ఇది నగరానికి మేలేనా?

ప్రశ్న (ఆన్ నుత్ నివాసి)

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళుగా బ్యాంకాక్‌లో, సుఖుంవిత్ రోడ్డు మీది ఆన్ నుత్ ప్రాంతంలో కుటుంబంతో ఉంటున్నాను. మేము వచ్చిన కొత్తలో మా సందు మొదట్లో, స్కైట్రైన్ స్టేషను మెట్ల పక్కన, తెల్లవారకముందే తోపుడుబళ్ళు బారులు తీరేవి. బొగ్గుల మీద కాల్చిన మాంసపు పుల్లలు, చిన్న సంచుల్లో కట్టి ఇచ్చే జిగురు అన్నం, వేడి సోయా పాలు, పిండిని నూనెలో పొంగించిన పాతోంగ్కోలు, ఇంటి ముందరి దేవతామందిరానికి పట్టుకెళ్ళే మల్లెదండలు, అన్నీ అక్కడే దొరికేవి. ఆఫీసులకు వెళ్ళేవారు నడక ఆపకుండానే డబ్బిచ్చి, సంచి అందుకొని మెట్లెక్కేవారు.

ఇప్పుడా వరుసలో కొన్ని బళ్ళే మిగిలాయి. ఫుట్‌పాత్‌కు కొత్త పలకలు పరిచారు, పక్కన ముప్ఫై అంతస్తుల కాండోమినియం లేచింది, దాని కింద ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే దుకాణం వచ్చింది. నడవడానికి సులువుగా ఉన్న మాట నిజమే. అయితే మా భవనంలో కాపలా ఉండే పెద్దాయన, గదులు తుడిచే అమ్మలు మునుపు ఆ బళ్ళ దగ్గర కడుపు నింపుకునేవారు, ఇప్పుడు అదే దుకాణంలో ప్యాకెట్ నూడుల్స్ కొనుక్కొని వేడినీళ్ళు పోసుకుంటున్నారు. అది చూసినప్పటి నుంచి నా మనసు ఊరుకోవడం లేదు.

బళ్ళు ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో ఎవరు నిర్ణయిస్తారు? అక్కడి నుంచి తీసేసిన బళ్ళవారు ఎటు పోతున్నారు? ఇక్కడ ఎక్కువ కాలంగా ఉంటున్నవారు ఈ మార్పును ఎలా చూస్తున్నారో తెలుసుకోవాలని ఉంది.

జవాబు 1 (యావరాత్ పాతకాపు)

చాలా మంచి ప్రశ్న వేశారండీ. నేను రత్నాల వ్యాపారం పని మీద వచ్చి ఇక్కడే స్థిరపడినవాడిని. స్కైట్రైన్ స్తంభాలు లేవక ముందరి సుఖుంవిత్ కూడా నాకు గుర్తుంది. ఈ విషయాన్ని బళ్ళ దగ్గర మొదలుపెడితే అర్థం కాదు, నగరం ఎలా పెరిగిందో అక్కడి నుంచి రావాలి.

1782లో రాజధాని అయిన నాటి నుంచి చాలా కాలం ఈ ఊరి వీధులంటే కాలువలే. అమ్మకాలు పడవల మీదే సాగేవి. చరోన్ క్రుంగ్ వంటి రోడ్లు 1860లలో గానీ రాలేదు. ఆ తర్వాత కాలువలను పూడుస్తూ రోడ్లు వేసుకుంటూ పోయారు. సుఖుంవిత్ ఇరువైపులా ఒకప్పుడు వరిపొలాలు. ఒక్కొక్క భూస్వామి తన పొలం గట్టు వెంబడి తనకు తోచినట్టు ఒక సందు తీశాడు. వాటినే ఇక్కడ సోయ్ అంటారు. పక్క సోయ్‌తో కలిసే అడ్డదారులు తక్కువ, చాలావాటికి అవతలి కొస మూసుకుపోయి ఉంటుంది. అందుకే ఇల్లు ఎంత లోపల ఉన్నా పెద్దరోడ్డుకు రావాలంటే సోయ్ మొదటికే రావాలి. నారింజ రంగు కోటు వేసుకున్న మోటారుసైకిల్ టాక్సీలు 1980ల తొలినాళ్ళలో పుట్టుకొచ్చిందీ, బళ్ళు సరిగ్గా సోయ్ మొదట్లోనే నిలబడుతున్నదీ ఈ కారణం చేతనే. ఎవరూ ప్రణాళిక వేయకపోయినా వేలాదిమంది తప్పనిసరిగా దాటే చోటు అది.

రెండో కారణం వంటిల్లు. ఈశాన్ అనే ఈశాన్య ప్రాంతం నుంచి, ఉత్తరాది నుంచి పనికోసం వచ్చినవారు అద్దెకు తీసుకునే ఒంటిగదుల్లో చాలావాటికి వంటగది ఉండదు. గ్యాస్ పొయ్యి పెట్టనివ్వని యజమానులే ఎక్కువ. ఆఫీసులో పనిచేసే మధ్యతరగతివారు కూడా సాయంత్రం రెండు మూడు రకాల కూరలు సంచుల్లో కట్టించుకొని, రబ్బరుబ్యాండు వేయించుకొని ఇంటికి తీసుకెళ్తారు. కాబట్టి ఆ బండిని ఫుట్‌పాత్ మీద జరిగిన ఆక్రమణగా నేను చూడలేను. ఆ గదిలో కట్టని వంటిల్లే వీధిలోకి వచ్చి నిలబడింది.

ఇక నిర్ణయం ఎవరిదంటే, 1992 నాటి పరిశుభ్రత చట్టం ప్రకారం రోడ్డు మీద గానీ ఫుట్‌పాత్ మీద గానీ అమ్మడం నిషిద్ధం. అయితే ట్రాఫిక్ పోలీసుల సమ్మతితో నగరపాలక సంస్థ కొన్ని చోట్లను అమ్మకాలకు కేటాయించవచ్చు. ఉల్లంఘనకు జరిమానా గరిష్ఠంగా 2,000 బాత్. చట్టంలోని ఆ మినహాయింపు మీదే ఇన్నాళ్ళూ బళ్ళు నడిచాయి. 2014లో సైనిక ప్రభుత్వం వచ్చాక ఫుట్‌పాత్‌ను పాదచారులకు తిరిగి ఇస్తామన్న పేరుతో ఆ కేటాయింపులను ఒక్కొక్కటిగా రద్దు చేశారు. 2015లో ఒంగ్ ఆంగ్ కాలువ మీది సఫాన్ లెక్ బజారు, 2016లో పాక్ ఖ్లోంగ్ పూలమార్కెట్ బయట ఫుట్‌పాత్ మీది వరుసలు తొలగించారు. 2017 ఏప్రిల్‌లో ఒక అధికారి నగరంలోని 50 జిల్లాల్లోనూ సంవత్సరాంతానికి బళ్ళు ఉండవని ప్రకటించగానే ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. చైనాటౌన్ అయిన మా యావరాత్‌నూ ఖావోసాన్ రోడ్డునూ ముట్టుకోమని, అక్కడ నియమాలు పెట్టి నడిపిస్తామని వెంటనే సవరించుకున్నారు.

నాకు బాధ కలిగించేది ఇక్కడే. పర్యాటకులు ఫోటోలు తీసుకునే రెండు వీధులకు రక్షణ దొరికింది, కాపలాదారు అన్నం తినే సోయ్ మొదలుకు దొరకలేదు. ఆ సంవత్సరం డిసెంబరులోనే మంచి హోటళ్ళకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ వారి తొలి బ్యాంకాక్ గైడ్ వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకొని బొగ్గుల పొయ్యి మీద పీత ఆమ్లెట్ వేసే జే ఫాయ్‌కు నక్షత్రం ఇచ్చింది. ఆవిడ అందుకు నూటికి నూరుపాళ్ళు తగినవారు. అయితే ఆవిడకు నెత్తిన కప్పు, సొంత దుకాణం ఉన్నాయి. చక్రాల మీద బతికేవారి సంగతి వేరు.

మీ ఆన్ నుత్ విషయం మరికొంత ప్రత్యేకం. 1999లో స్కైట్రైన్ మొదలైనప్పుడు ఆ లైనుకు అదే ఆఖరి స్టేషను, 2011లో బేరింగ్ స్టేషను దాకా పొడిగించేవరకూ అంతే. రైలు దిగినవారంతా అక్కడే బస్సులకూ మోటారుసైకిళ్ళకూ మారేవారు, ఆ రద్దీయే బళ్ళను పోషించింది. తర్వాత లైను ముందుకు సాగింది, భూమి ధర పెరిగింది, ఖాళీ స్థలాలు కాండోమినియంలయ్యాయి. కాబట్టి బళ్ళు తగ్గడంలో అధికారుల పాత్ర ఎంతో, భూమి ధర పాత్రా అంతే ఉంది.

జవాబు 2 (థోన్‌బురి కోడలు)

పెద్దలు చెప్పిన చరిత్రను కాదనను. కానీ రెండోవైపు మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి. మా అత్తగారు చక్రాల కుర్చీలో ఉంటారు, ఆవిడను వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్ళేది నేనే. బళ్ళ గొడుగులకు కట్టిన తాళ్ళు మనిషి మొహం ఎత్తులో ఉంటాయి, నూనె మూకుడు పిడి దారిలోకి పొడుచుకొని ఉంటుంది, కడిగిన నీళ్ళు పలకల మీద జిడ్డుగా నిలుస్తాయి. అలాంటి చోట కుర్చీని కిందికి దించి, బస్సులు పోయే రోడ్డు అంచున తోసుకుంటూ వెళ్ళవలసి వచ్చినప్పుడు నా ప్రాణాలు అరచేతిలో ఉంటాయి. పేదవారి బువ్వకూ నడవలేనివారి దారికీ పోటీ పెట్టి, ఎవరో ఒకరే గెలవాలన్నట్టు మాట్లాడటం నాకు నచ్చదు, కానీ దారి అనేది ముందు ఉండాలి.

అలాగని బళ్ళు తీసేసిన చోట దారి వచ్చిందా అంటే, మా వైపు పూర్తిగా రాలేదు. ఆ జాగాలో మోటారుసైకిళ్ళు నిలిపారు, ప్రకటన బోర్డులు పెట్టారు, ఆహారం తీసుకెళ్ళే డెలివరీ కుర్రాళ్ళు అక్కడే ఎదురుచూస్తున్నారు. రద్దీ వేళల్లో ఫుట్‌పాత్ మీదికే మోటారుసైకిళ్ళు ఎక్కించి నడిపేవారు సరేసరి. మేము కోల్పోయినవి మాత్రం స్పష్టంగా తెలుస్తున్నాయి. చీకటి పడ్డాక ఆ బళ్ళ దీపాల వెలుతురులో ఆడవాళ్ళం ధైర్యంగా నడిచేవాళ్ళం. బండి దగ్గరి పిన్నులకు సందులో ప్రతి ఇల్లూ తెలుసు, మా అత్తగారు ఒకసారి సోలిపోతే కుర్చీ పట్టుకొని నీళ్ళు చల్లినది సొమ్‌తమ్ (పచ్చి బొప్పాయి సలాడ్) దంచే ఆవిడే.

అందుకే నాకు కావలసింది కొలత. నడిచేవారికి ఇంత వెడల్పు వదలాలి, ఆ గీత దాటితే బండి ఉండకూడదు, గీతకు లోపల ఉంటే ఎవరూ కదిలించకూడదు. 2024లో నగరపాలక సంస్థ తెచ్చిన కొత్త నిబంధనల్లో వదలవలసిన కనీస వెడల్పు, అమ్మేవారి ఆదాయానికి పరిమితి వంటివి ఉన్నాయి. ఆదాయ పరిమితి సంగతి నాకు అంత రుచించలేదు, కష్టపడి నాలుగు డబ్బులు మిగుల్చుకున్నవారిని వెళ్ళగొట్టడం ఏం న్యాయం? వెడల్పు నియమం మాత్రం గట్టిగా అమలు కావాలి, అదీ బళ్ళకు మాత్రమే కాదు, మోటారుసైకిళ్ళకూ స్తంభాలకూ బోర్డులకూ కూడా. విరిగిన పలకలు, అడ్డంగా ఉన్న వస్తువులు ఫోటో తీసి ట్రాఫీ ఫాండ్యూ యాప్‌లో పెట్టవచ్చు. 2022 మేలో చద్‌చార్త్ నగర గవర్నరుగా ఎన్నికయ్యాక దాన్ని విరివిగా వాడుతున్నారు, మా సందులో ఊడిపోయిన పలకలు దాని వల్లే బాగుపడ్డాయి.

జవాబు 3 (పట్టణ ప్రణాళిక చదివినవాడు)

సింగపూర్‌లో చదువుకొని ఇప్పుడు బ్యాంకాక్‌లో పనిచేస్తున్నాను. ఈ చర్చ వచ్చినప్పుడల్లా సింగపూర్ లాగా హాకర్ సెంటర్లు కట్టి అందరినీ అందులోకి పంపితే సరిపోతుందని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే ఆ విషయం వివరిస్తాను.

సింగపూర్ 1968, 69లలో వీధి వ్యాపారులందరినీ నమోదు చేసి, 1986 నాటికి దాదాపు అందరినీ నీళ్ళు, మురుగుకాలువలు, కరెంటు ఉన్న కేంద్రాల్లోకి మార్చింది. 2020లో యునెస్కో ఆ హాకర్ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. ఇది గొప్ప పనే. కానీ అది సాధ్యపడటానికి కారణం, అదే కాలంలో ఆ ప్రభుత్వమే జనంలో అత్యధికులకు ఇళ్ళు కట్టింది. ఎక్కడ ఎన్ని వేలమంది ఉంటారో ఆ ప్రభుత్వానికి ముందే తెలుసు, భూమి దాని చేతిలో ఉంది, అద్దె తగ్గించి ఇచ్చింది. బ్యాంకాక్‌లో సోయ్ మొదట్లో ఉన్న స్థలం ప్రైవేటువారిది, దాని విలువ కాండోమినియం కట్టేవారికే అందుబాటులో ఉంటుంది. కాబట్టి వ్యాపారుల కోసం ఇచ్చే స్థలం జనం నడిచే దారికి దూరంగా, ఫ్లైఓవర్ కిందో, ఏదో బజారు వెనుకో పడుతుంది. రైలు దిగి ఏడు నిమిషాల్లో ఆఫీసు చేరవలసిన మనిషి పాతోంగ్కో కోసం రెండు మలుపులు తిరగడు. పొద్దుటి బేరమంతా ఆ పది అడుగుల తేడాలోనే ఉంటుంది.

తీసేసినవారు ఎటు పోయారన్న మీ ప్రశ్నకు నేను గమనించినంతలో జవాబు ఇది. కొందరు సోయ్ లోపల ప్రైవేటు జాగాల్లో అద్దెకు చేరారు, ఫుట్‌పాత్ మీద ఉన్నప్పటికంటే ఖర్చు పెరిగింది కాబట్టి ప్లేటు ధర పెంచక తప్పలేదు. కొందరు బండి వదిలి ఇంట్లోనే వండి యాప్‌ల ద్వారా అమ్ముతున్నారు, 2020లో కరోనా ఆంక్షల వల్ల హోటళ్ళలో కూర్చొని తినడం ఆగినప్పుడు ఈ దారి పట్టినవారు చాలామంది. వయసు మళ్ళినవారికి ఈ రెండూ చేతకావు, వారు ఊళ్ళకు తిరిగి వెళ్ళిపోయారు. మిగిలినవారు ఇన్‌స్పెక్టర్లు వచ్చే వేళ తెలుసుకొని బండి తోసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు, ఇది అన్నిటికంటే హీనమైన బతుకు.

తొలగించిన జాగా ఏమైందో కూడా చూడాలి. ఒంగ్ ఆంగ్ కాలువ ఒడ్డును బాగుచేసి 2020లో నడకదారిగా తెరిచారు. కాలువ మళ్ళీ కనిపించడం నిజంగా మంచి పని. మహాకాన్ కోట దగ్గర మాత్రం తొలగింపు మీద పాతికేళ్ళకు పైగా పోరాడిన చెక్క ఇళ్ళ వాడను 2018లో పూర్తిగా ఖాళీ చేయించి గడ్డి పరిచారు. చరిత్రను కాపాడటానికి అక్కడి జనాన్ని తీసేయవలసిన అవసరం లేదని నాతో పనిచేసే థాయ్ వాస్తుశిల్పులు ఇప్పటికీ అంటారు.

ఒక చిన్న సంగతి: వీధి అమ్మకం చట్టరీత్యా థాయ్ పౌరులకే పరిమితం. బళ్ళ దగ్గర సాయంగా నిలబడే మయన్మార్ కూలీలు ఏ జాబితాలోనూ ఉండరు కాబట్టి పునరావాసం లెక్కల్లోకి వారు రారు.

ప్రశ్న అడిగినవారి స్పందన (ఆన్ నుత్ నివాసి)

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. వెడల్పు గురించి అమ్మగారు చెప్పిన మాట చదివాక మా సోయ్ మొదట్లో టేపు పట్టి కొలిచాను. కొత్త పలకలు పరిచిన భాగం మూడు మీటర్లకు పైనే ఉంది. బళ్ళు ఒకే వరుసలో గోడవైపు నిలిస్తే చక్రాల కుర్చీ, దానికి ఎదురుగా వచ్చే మనిషి ఇద్దరూ పట్టేంత దారి మిగులుతుంది. ఇబ్బందల్లా స్టేషను మెట్లకు మరీ దగ్గరగా ఉన్న భాగంలోనే, అక్కడ మాత్రం బండి ఉండకపోవడమే మంచిది.

మిగిలిన బళ్ళవారితో మా ఆవిడ తనకు వచ్చిన థాయ్‌లో మాట్లాడింది. వారు కోరేది పొద్దున ఐదు నుంచి తొమ్మిది వరకు మాత్రమే నిలబడే అనుమతి, చెత్తా నూనే తామే తీసుకుపోతామంటున్నారు. వీధులు కడగడానికి బళ్ళకు సెలవిచ్చే సోమవారం పద్ధతి అలాగే కొనసాగినా వారికి అభ్యంతరం లేదు. మా కాండోమినియం నివాసుల కమిటీ వచ్చే నెల సమావేశమవుతుంది. అందులో ఈ కొలతలూ వేళలూ పెట్టి, అందరి సంతకాలతో జిల్లా కార్యాలయానికి అర్జీ ఇవ్వాలని అనుకుంటున్నాము. థాయ్‌లో అర్జీ రాయడంలో సాయపడగలవారు, లేదా తమ సోయ్‌లో ఇలాంటి ఏర్పాటు చేయించుకున్నవారు ఎవరైనా ఉంటే ఇక్కడే రాయవలసిందిగా కోరుతున్నాను.