బాహుబలి-2 వేసవి రికార్డు పోయినట్టా, పోనట్టా? లెక్క గ్రాస్‌తో తేల్చాలా, తెగిన టికెట్లతోనా?

నైజాం కుర్రాడు:
ఆఫీసు క్యాంటీన్‌లో మొదలైన గొడవ మూడు రోజులైనా తెగలేదు. అందుకే ఇక్కడికి తెచ్చా.

బాహుబలి-2 వచ్చింది 2017 ఏప్రిల్ 28న. పది రోజులకే వెయ్యి కోట్లు దాటింది, మన దేశంలో అదే మొదటిసారి. ఫుల్ రన్ గ్రాస్ (పన్నులతో కలిపి టికెట్ల మీద వచ్చిన మొత్తం డబ్బు) అని అందరూ చెప్పుకునే అంకె 1810 కోట్లు. 2025 జనవరి మొదటి వారంలో పుష్ప-2 నిర్మాతలు 32 రోజులకు 1831 కోట్లు అని పోస్టర్ వేశారు. 1831 పెద్దదా, 1810 పెద్దదా? మా టీమ్ లీడ్ మాత్రం ఒప్పుకోడు. "ఆ వేసవిని ఎవడూ దాటలేదు, టికెట్లు ఎన్ని తెగాయో లెక్క తియ్" అంటాడు. లెక్క తియ్యడానికి నేనేమైనా గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపానా? అందరికీ కనిపించే అంకె గ్రాసే. దాంతోనే తేల్చుకోవాలి. మీరేమంటారు?

బెంచీ టికెట్:
మీ టీమ్ లీడ్‌కి నా తరఫున ఒక టీ ఇప్పించు.

పుష్ప-2కి తెలంగాణలో 2024 డిసెంబర్ 4 రాత్రి ప్రీమియర్ షోలకు మామూలు ధర మీద 800 రూపాయలు పెంచుకోవచ్చని ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. మల్టీప్లెక్స్‌లో ఒక్క సీటు వెయ్యి దాటింది. అదే ప్రభుత్వాల జీవోలు ఇంకోవైపుకీ తిరుగుతాయి. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రలో వచ్చిన జీవో 35 గుర్తుందా? పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో కింది తరగతి టికెట్ 5 రూపాయలు! హాలు అదే, కుర్చీలు అవే, ఈలలు అవే. గ్రాస్ మాత్రం జీవోని బట్టి మారిపోతుంది. అలాంటి అంకెతో జనాదరణ కొలుస్తానంటే ఎలా?

ఇంకో సంగతి. ఏప్రిల్ 28 అంటే మనకి బాహుబలి ఒక్కటే కాదు. అడవి రాముడు 1977లో అదే తేదీన వచ్చింది. పోకిరి 2006లో అదే తేదీన. నీ గ్రాస్ లెక్కన చూస్తే అడవి రాముడు మొత్తం వసూళ్లను ఇప్పుడొచ్చే ఒక మోస్తరు ఫ్లాప్ సినిమా మొదటి రోజే దాటేస్తుంది. అంతమాత్రాన అది అడవి రాముడి కంటే పెద్ద హిట్టు అంటావా?

నైజాం కుర్రాడు:
1977కి వెళ్లకు అన్నా, అది వేరే యుగం. నేను మాట్లాడేది ఏడేళ్ల తేడా గురించి.

హిందీ చూడు. బాహుబలి-2 హిందీ నెట్ (గ్రాస్‌లో పన్ను పోగా మిగిలింది) 510 కోట్ల దగ్గర ఆగింది. అప్పటికి డబ్బింగ్ సినిమా కాదు, ఏ హిందీ సినిమా కూడా అంత చేయలేదు. పుష్ప-2 హిందీ నెట్ 800 కోట్లు దాటింది. ఇదేమీ ఇరవై కోట్ల తేడా కాదు, సగానికి పైగా ఎక్కువ! ధర పెంచినా జనం కొన్నారంటే అది కూడా ఆదరణే కదా. వెయ్యి రూపాయలు పెట్టి ఎవరూ బలవంతంగా చూడరు.

పైగా 2017లో ఓటీటీ అలవాటు ఇంత ఎక్కడుంది? పుష్ప-2 ఎనిమిది వారాలకే, 2025 జనవరి 30న, నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చేసింది. "ఆగితే ఇంట్లోనే చూడొచ్చు" అని తెలిసి కూడా హాలుకి వచ్చిన జనం వాళ్లు. టికెట్ల సంఖ్య ఒక్కటే చూస్తే ఇప్పటి సినిమాలకి అన్యాయం.

సీడెడ్ సింహం:
ఓటీటీ పాయింట్ బాగుంది. ఒప్పుకుంటున్నా. (మా హీరో సినిమా కాదు కాబట్టి ఒప్పుకుంటున్నా అనుకోకండి.)

డల్లాస్ బావ:
అమెరికా లెక్క నేను చెప్తా, ఎందుకంటే ఇక్కడ లెక్క కనిపిస్తుంది. థియేటర్లు కామ్‌స్కోర్ అనే లెక్కల సంస్థకి వసూళ్లు పంపుతాయి. ఏ ఊళ్లో ఏ హాల్లో ఎన్ని డాలర్లు వచ్చాయో ట్రేడ్ వాళ్లకి రోజూ తెలుస్తుంది. పోస్టర్ వేసేవాడు లక్ష డాలర్లు ఎక్కువ చెబితే మర్నాడే దొరికిపోతాడు. ఇండియాలో అలాంటి ఏర్పాటు తప్పనిసరి కాదు కాబట్టే మీకీ గొడవ.

ఇక్కడ బాహుబలి-2 ఉత్తర అమెరికాలో 2 కోట్ల డాలర్లు దాటింది. పుష్ప-2 దాని దగ్గరికి రాలేదు. కానీ పోస్టర్ మీద అంతా రూపాయల్లోకి మారుతుంది కదా, తమాషా అక్కడే ఉంది. 2017 వేసవిలో డాలర్ సుమారు 64 రూపాయలు. అప్పుడు 2 కోట్ల డాలర్లంటే 128 కోట్లు. 2024 డిసెంబర్‌లో డాలర్ 85కి దగ్గర. అవే 2 కోట్ల డాలర్లు 170 కోట్లు. ఒక్క టికెట్ అదనంగా తెగకుండా 42 కోట్లు పెరిగింది. మీరు కొట్టుకుంటున్న తేడా ఎంత? 1831లోంచి 1810 తీస్తే 21 కోట్లు!

నైజాం కుర్రాడు:
బావా, ఇది మాత్రం నేను ఆలోచించలేదు. రేపు క్యాంటీన్‌లో ఎవరికీ చెప్పను.

లెక్కల పద్దు:
పదేళ్లకు పైగా ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో అకౌంట్స్ చూశాను. గ్రాస్ అనేవాళ్లూ టికెట్లు అనేవాళ్లూ కొట్టుకోవడం చూస్తే నవ్వొస్తోంది. మా ఆఫీసులో ఈ రెండూ ఎవరూ అడిగేవారు కాదు. "షేర్ ఎంత?" అనేదొక్కటే ప్రశ్న, అంటే టికెట్ డబ్బులో డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చే వాటా.

హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో 295 టికెట్ తీసుకోండి. అందులో 45 జీఎస్టీ. మిగిలిన 250 నెట్. హిందీలో 2009 వేసవిలో నిర్మాతలకీ మల్టీప్లెక్సులకీ మధ్య రెండు నెలలు నడిచిన గొడవ తర్వాత కుదిరిన ఒప్పందం ప్రకారం మొదటి వారం అందులో సగం డిస్ట్రిబ్యూటర్‌కి. రెండో వారం 42.5 శాతం, మూడో వారం 37.5, ఆ తర్వాత 30. మన దగ్గరా మల్టీప్లెక్సులతో కాస్త అటూ ఇటూగా ఇదే పద్ధతి. అంటే పోస్టర్ మీద 295గా కనిపించింది బయ్యర్ (హక్కులు కొన్న డిస్ట్రిబ్యూటర్) చేతికొచ్చేసరికి 125. నాలుగో వారంలో 75. వేసవి సినిమా ఎక్కువ వారాలు ఆడిందని సంబరపడతారు కానీ, వారాలు పెరిగేకొద్దీ టికెట్ మీద బయ్యర్‌కి వచ్చేది తగ్గిపోతుంది.

ఇక సింగిల్ స్క్రీన్. అక్కడ చాలా చోట్ల హైర్లు, అంటే వారానికి ఇంత అద్దె అని డిస్ట్రిబ్యూటరే హాలుకి కడతాడు. హౌస్‌ఫుల్ అయితే మిగులంతా మనదే. ఖాళీగా ఉన్నా అద్దె ఆగదు. రెండో వారంలో అద్దె కూడా రాకపోతే దాన్ని డెఫిసిట్ అంటాం. గ్రాస్ పట్టీలో ఆ హాలు లక్షలు కలుపుతూనే ఉంటుంది. మా పద్దులో మైనస్ పడుతుంది. 2025 మేలో రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు (హాళ్ల వాళ్లు) అద్దె వద్దు, పర్సంటేజీ కావాలని జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్నారు చూడండి, ఆ పేచీ మూలం ఇదే.

మాకు తెలిసిన ఒక బయ్యర్ ఉండేవాడు. పేర్లు వద్దు, సినిమా పేరూ వద్దు. ఒక జిల్లా హక్కులు ఎన్‌ఆర్‌ఏ మీద తీసుకున్నాడు. అంటే పోయినా తిరిగి ఇవ్వరు. మూడో రోజు "వంద కోట్ల గ్రాస్" పోస్టర్ పడింది. ఊళ్లో జనం ఆయన దగ్గరికి పార్టీ అడగడానికి వచ్చారు. ఆయన పెట్టిన డబ్బులో సగం కూడా రాలేదు. పార్టీ ఇవ్వలేదని కొందరు అలిగారు కూడా.

అందుకే నా లెక్క: హక్కులు ఎంతకి అమ్మారు, షేర్ ఎంత వచ్చింది. ఇది దాటితే హిట్టు, దాటకపోతే కాదు. బాహుబలి-2కి అన్ని ఏరియాల్లోనూ బయ్యర్లు బాగుపడ్డారు. రికార్డు అంటే నాకు అది.

బెంచీ టికెట్:
పద్దు గారూ, మీరు చెప్పింది వ్యాపారం. దానికి దణ్ణం. కానీ చౌకగా కొన్న చిన్న సినిమాకి లాభం శాతం ఎక్కువ రావచ్చు. అంతమాత్రాన అదే పెద్ద సినిమా అంటామా? ఎంతమంది చూశారన్నది వేరే ప్రశ్న. బాహుబలి-2కి దేశం మొత్తం మీద పది కోట్లకు పైగా టికెట్లు తెగాయన్నది ట్రేడ్‌లో తిరిగిన అంచనా. అది అంచనాయే, ఒప్పుకుంటా. కానీ జీవోతోనూ డాలర్‌తోనూ మారని అంకె అదొక్కటే.

పరీక్షల పిల్ల:
డిగ్రీ రెండో ఏడు, ఈ వేసవిలో ట్రాకింగ్ నేర్చుకుంటున్నా. బుకింగ్ యాప్‌లో సీట్ల లేఅవుట్ తెరిచి అమ్ముడైన సీట్లు లెక్కపెట్టి ధరతో గుణిస్తే గ్రాస్ వస్తుంది కదా? రోజూ మూడు ఊళ్లు చేస్తున్నా. అమ్మ పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తోంది.

మ్యాట్నీ మావయ్య:
అమ్మాయ్, చేస్తున్నది మంచి పనే, ఆపకు. కానీ లేఅవుట్‌లో బూడిద రంగు కనిపిస్తే అది అమ్ముడైందనే కాదు. హాలు వాళ్లు పక్కన పెట్టుకున్నవీ, అభిమాన సంఘానికి కట్టగా ఇచ్చినవీ అలాగే కనిపిస్తాయి. ఆట మొదలయ్యే ముందు కొన్ని మళ్లీ ఖాళీ అవుతాయి. అందుకని రాత్రి చూసి లెక్క కట్టకు, ఆట మొదలయ్యే వేళకి చూడు. ఇక మా ఊరి లాంటి చోట్ల కౌంటర్ టికెట్లు సగం ఆ యాప్‌లోకి ఎక్కవు కూడా.

నేను గుంటూరు జిల్లాలో డిస్ట్రిబ్యూటర్ తరఫున హాళ్లకి రిప్రజెంటేటివ్‌గా తిరిగిన మనిషిని. రీలు పెట్టెతో పాటు మేమూ దిగేవాళ్లం. ఆట మొదలైన అరగంటకి కౌంటర్లో టికెట్ పుస్తకం మొదటి నంబరు, చివరి నంబరు రాసుకుని, లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టేవాళ్లం. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ, ఏ తరగతికి ఆ తరగతి. రెండూ కలవాలి. కలవకపోతే గొడవే. అదంతా డీసీఆర్ (రోజువారీ వసూళ్ల పట్టీ) మీద రాసి మేనేజర్ సంతకం పెట్టించి ఆఫీసుకి పంపేవాళ్లం. కాబట్టి బెంచీ టికెట్ బాబూ, టికెట్ల లెక్క దొరకదని ఎవరన్నా నమ్మకు. లెక్క ఎప్పుడూ ఉంది. బయటికి ఇవ్వరంతే.

వేసవి సినిమాని ఎలా చూడాలంటారా? మొదటి మూడు రోజులు నేను చూడనే చూడను. అవి హీరోవి. సోమవారం మ్యాట్నీ నుంచి సినిమాది. సంక్రాంతికైతే సెలవులు నాలుగు రోజుల్లో అయిపోతాయి. వేసవిలో బడులు ఉండవు కాబట్టి సోమవారం కూడా ఆదివారంలా ఉండే అవకాశం ఉంది, అదే ఈ సీజన్ బలం. ఎండకి భయపడి ఏసీ హాల్లో కూర్చునే జనమూ ఉంటారు. బాహుబలి-2కి రెండో సోమవారం మా హాల్లో పల్లెల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు. ఆ జనంలో సగంమంది అప్పటికే ఒకసారి చూసినవాళ్లు.

ఇప్పుడా బలమూ తగ్గింది. 2024 మేలో ఎన్నికలూ, ఐపీఎల్, పెద్ద సినిమా ఒక్కటీ లేదు. తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు ఆటలు ఆపేశాయి. నిండు వేసవిలో హాళ్లకి తాళాలు! నేను పనిచేసిన రోజుల్లో ఆ మాట అంటే కొట్టేవారు.

సీడెడ్ సింహం:
మావయ్యా, మీ లెక్కల్లో వంద రోజుల సెంటర్లు ఏమయ్యాయి? మా నాన్న ఇప్పటికీ ఎన్ని డైరెక్ట్ సెంటర్లని (హాలు మారకుండా ఆడిన ఊళ్లు ఎన్నని) అడుగుతాడు. గ్రాస్ అంటే ఆయనకి అర్థం కాదు.

మ్యాట్నీ మావయ్య:
మీ నాన్నకి నా నమస్కారం. కానీ అదీ అంత శుద్ధమైన లెక్కేం కాదు. తొంభై రోజుల తర్వాత జనం లేకపోయినా అభిమానులే హాలు అద్దె కట్టి రోజుకొక్క ఆట లాగించి వంద అనిపించిన సినిమాలు నాకు తెలుసు. అప్పుడు రోజులు పెంచేవారు, ఇప్పుడు కోట్లు పెంచుతున్నారు.

లెక్కల పద్దు:
వంద రోజులు లాగిన హాళ్ల అద్దె కూడా కొన్నిసార్లు మా పద్దులోనే పడేది మావయ్య గారూ. "పబ్లిసిటీ ఖర్చు" అని రాసేవాళ్లం.

నైజాం కుర్రాడు:
సరే, నేను కాస్త దిగుతున్నా. 21 కోట్ల తేడాతో బాహుబలి-2ని దాటేశారన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. డాలర్ దెబ్బకి అది నిలబడదు. కానీ హిందీలో 510 ఎక్కడ, 800 ఎక్కడ? అది మాత్రం వదలను. ఆ తేడా రేట్లతోనే వచ్చిందని ఎవరైనా నిరూపిస్తే అప్పుడు చూద్దాం.

బెంచీ టికెట్:
హిందీ నీకే వదిలేస్తున్నా. వేసవి నాది.

పరీక్షల పిల్ల:
మావయ్య గారూ, మీరు చెప్పినట్టు ఇవాళ మ్యాట్నీ మొదలయ్యే వేళకి చూశా. పొద్దున అమ్ముడైనట్టు కనిపించిన రెండు వరుసలు ఖాళీ అయ్యాయి! ఇప్పుడు నా మూడు ఊళ్ల పట్టికంతా మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి. పైగా సోమవారం నాకు సప్లిమెంటరీ పరీక్ష. మ్యాట్నీ వేళకి హాల్లో కాదు, ఎగ్జామ్ హాల్లో ఉంటా. ఎవరైనా విజయవాడ చూసి చెప్తారా?

డల్లాస్ బావ:
నేను చూస్తా చెల్లీ, మాకప్పుడు తెల్లవారుజామే, ఎలాగూ నిద్ర పట్టదు. నువ్వు పరీక్ష రాసుకో.