కరువా, కఱవా?

కావలి కుర్రాడు: మా అవ్వ మనవళ్ళని చూసి “కరువున పోసినట్టున్నారు” అనేది. దానికి ముందు ఇంకో ముక్క ఉండేది, ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. తిక్కనలో ఉందా? నానో తీగల మీద వ్యాసం రాస్తున్నా. రెండు లేజర్ కిరణాలు కలిసేచోట రెసిస్ట్ పొర (వెలుగు తగిలితే గుణం మారే పూత) మీద చారలు పడతాయి. పలకని 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ కొట్టి కడిగితే గళ్ళగళ్ళుగా బొక్కలు. వాటిలో కరెంటుతో లోహం నింపి, పొరని కరిగించేస్తే తీగలు నిలబడతాయి. వాటికి పైన ఇంకో పూత. ఆ బొక్కల పొర, అదే టెంప్లేట్, దాన్ని ‘కరువు’ అనొచ్చా?

గూడూరు సామి: వద్దు సామీ. “లేజర్‌తో కరువు” అని హెడ్డింగ్ పెడితే వానలు ఆపే మిషననుకుంటారు. మూస అను.

ఒంగోలు మాస్టారు: క్షామం ‘కఱవు’, బండి ఱ. లోహాన్ని పోత పోసే అచ్చు ‘కరువు’, మామూలు ర. గర్భానికీ ఇదే మాట, తమిళంలో కరు అన్నట్టు. మూస అంటారా, అది కంసాలి బంగారం కరిగించేది, సంస్కృతంలో మూషా. అందులో కరుగుతుందే గానీ ఆకారం రాదు.

గూడూరు సామి: ‘మూస పోసినట్టు’ అని లోకమంతా అంటుంటే?

ఒంగోలు మాస్టారు: లోకం అంటే ఒప్పే. నేను మాత్రం అనను.

నెల్లూరు అక్క: మీరు ‘ర’ పట్టుకుని వేలాడుతున్నారు, నాకు ‘పో’ మీద అనుమానం. ఇక్కడ కరిగించి పోసేదేముంది? ద్రావణంలోంచి లోహం బొక్క అడుగున పేరుకుంటూ పైకొస్తుంది. అది పోత కాదు, మొలక. తర్వాత వేసేది పూత. ఒక్క అచ్చు మారితే పనే మారిపోయె. ఆ తీగల వరసకి ‘నారుమడి’ అనండి, మన మొలగొలుకుల వరినారులాగా.

గూడూరు సామి: నారుమడిలో వరసలెక్కడివక్కా? వెదజల్లుతాం. వరసలు నాటిన మడిలోనే.

కావలి కుర్రాడు: అయ్యా, అవ్వ మాట...

ఒంగోలు మాస్టారు: తిక్కనలో కాదు, మా ఎర్రనలో వెతుకు. అరణ్యపర్వం మిగతా భాగాన్ని నన్నయ కరువులో మొదలుపెట్టి తిక్కన తీరుకి తెచ్చి కలిపాడు. అతుకు కనపడితే చెప్పు. ఆయన్ని మించిన పోతగాడు ఎవరు?

నెల్లూరు అక్క: మాస్టారూ, ఎఱ్ఱనకి బండి ఱ ఏదీ?