కుర్చీల కచేరీలో ముందువాళ్లు లేచి నిలబడితే ఏం చేయాలి?

అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎక్కువసేపు నిలబడటం కష్టం, కానీ పాటంటే ప్రాణం. 2024లో హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం తెరిచినప్పుడు ఇంటికి దగ్గరలోనే మంచి వేదిక వచ్చిందని ఎంతో సంతోషించింది. త్వరలో ఊళ్లో జరిగే ఒక జానపద, సినిమా పాటల కార్యక్రమానికి తీసుకెళ్లాలని ఉంది. నంబరు వేసిన కుర్చీకి టికెట్టు కొన్నాక ముందు వరుసవాళ్లు లేచి నిలబడితే వెనకవాళ్లు ఏం చేయాలి?

ఇంతకుముందు ఒక కచేరీలో ఇదే జరిగింది. డప్పు మోగగానే మొదటి వరుస లేచింది, వాళ్ల వెనక ఇంకో వరుస. ఆ తర్వాత అమ్మకు కనిపించింది ఒకాయన చొక్కా వీపు, పైకెత్తిన ఫోన్లు, అంతే. దరువు పడితే కాలు ఆగదు, అందుకు ఎవరినీ తప్పుపట్టను. కర్ణాటక సంగీత కచేరీలో కూర్చున్నట్టు జానపదానికీ కదలకుండా కూర్చోవాలని నేను అనను. కానీ ప్రతి పాటకూ నిలబడే ఉంటే, లేవలేనివాళ్లు కొన్న కుర్చీ ఎందుకు?

"అన్నా, అమ్మ నిలబడలేరు, ఈ ఒక్క పాటకు కూర్చుంటారా?" అని అడగడం మర్యాదేనా? నిర్వాహకులకే చెప్పాలా? నడవ పక్క కుర్చీ మేలా, బాల్కనీ మొదటి వరుస మేలా? బాల్కనీకి మెట్లెక్కడం ఆమెకు బాధే. వరంగల్, కరీంనగర్ వైపు పెద్దవాళ్లను ఇలాంటి వాటికి తీసుకెళ్లినవారు దయచేసి చెప్పండి.